నాలుగు రోజుల్లో నాలుగు ఊళ్లా? మాడ్రిడ్‌లో దిగి అక్కడే ఉండండి

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. అక్టోబరు 9 శుక్రవారం నుంచి 12 సోమవారం వరకు అమ్మానాన్న, మేమిద్దరం, ఆరేళ్ల బాబు కలిసి స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం. మాడ్రిడ్, బార్సిలోనా, సెవిల్ చూసి, వీలైతే గ్రనాడాలో అల్‌హంబ్రా కోట కూడా చూడాలని నాన్న కోరిక. మావారేమో కారు అద్దెకు తీసుకుందాం అంటున్నారు. నాకు రైళ్లు, బస్సుల్లో తిరగాలని ఉంది. నాన్నకు 68 ఏళ్లు, బాగానే నడుస్తారు. అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ప్లాన్ ఎలా వేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: ముందు మీ ఇంట్లో పంచాయితీ తేల్చేద్దాం. ఈ ప్రయాణానికి కారు అక్కర్లేదు. మాడ్రిడ్ నడిబొడ్డున చేతిలో కారు ఉందంటే దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద పనైపోతుంది. కాలుష్య నియంత్రణ జోన్ల నిబంధనలు ఒకపక్క, పార్కింగ్ బిల్లు ఇంకోపక్క. పోనీ పక్క ఊరు టొలేడోకి పనికొస్తుందా అంటే, అక్కడి పాత ఊరి సందులు కారుకి పనికొచ్చేవి కావు. ఎక్కడో ఆపి నడవాల్సిందే. మీవారికి డ్రైవింగ్ సరదా ఉంటే ఎప్పుడైనా పది రోజులు సెలవు పెట్టి దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా పల్లెల వైపు వెళ్లినప్పుడు తీర్చుకోమనండి. అక్కడ కారు నిజంగా అక్కరకొస్తుంది.

నెగ్గాను కదా అని మీరు సంబరపడకండి, మీ ప్లానుకీ కత్తెర పడక తప్పదు. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి రైలు దారి 621 కిలోమీటర్లు. హైస్పీడ్ రైలు రెండున్నర మూడు గంటల్లో దింపేస్తుంది. సెవిల్ కూడా రెండున్నర గంటల దూరమే. గ్రనాడాకి మూడు గంటల పైన పడుతుంది. కాగితం మీద చూస్తే అన్నీ దగ్గరే అనిపిస్తాయి. కానీ హోటల్ ఖాళీ చేయడం, సూట్‌కేసులు లాక్కుంటూ స్టేషన్‌కి చేరడం, సెక్యూరిటీ లైను, దిగాక కొత్త ఊళ్లో మళ్లీ బస్సు వెతుక్కోవడం, గది మధ్యాహ్నం మూడింటిదాకా ఇవ్వకపోతే సామాను ఎక్కడ పెట్టాలా అని తిప్పలు, ఇవన్నీ కలిపితే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు చేతులారా పోగొట్టుకున్నట్టే. ఐదుగురు మనుషులు, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి ఆరేళ్లు. నాలుగు రోజుల్లో మూడుసార్లు ఊరు మారితే అమ్మగారు స్పెయిన్‌లో రైల్వే స్టేషన్లు తప్ప ఇంకేమీ చూడరు.

అల్‌హంబ్రా సంగతి నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. దాని టికెట్లు పాస్‌పోర్టు వివరాలతో, పేరు మీద ఇస్తారు. లోపలి నస్రిద్ రాజభవనాలకు గంట, నిమిషం వేసి టైమిస్తారు. సెలవు రోజుల టికెట్లు చాలా ముందే అయిపోతాయి. దానికోసం గ్రనాడాలోనే రెండు రాత్రులు ఉండేలా ఇంకో ప్రయాణం పెట్టుకోవడం మంచిది.

అందుకని నా సలహా: మూడు రాత్రులూ మాడ్రిడ్‌లోనే ఉండండి. ఒక్క రోజు టొలేడో వెళ్లి రండి. అంతే.

బార్సిలోనా ఎందుకు కాదు అంటారా? అక్కడి సగ్రాదా ఫమీలియా చర్చి చూడాలని మనసులో గట్టిగా ఉంటే నిక్షేపంగా దానికే వెళ్లండి. అప్పుడు మాడ్రిడ్ మానేసి నేరుగా అక్కడే దిగి అక్కడి నుంచే తిరిగి రండి. అక్కడ ఒక మెలిక గుర్తుంచుకోండి: మెట్రోకీ బస్సులకీ వాడే పది ట్రిప్పుల టీ-కాజువల్ టికెట్ ఒక మనిషికే చెల్లుతుంది, చేతులు మార్చి వాడుకోవడం కుదరదు. కలిసి వాడుకోవాలంటే 8 ట్రిప్పుల టీ-ఫమిలియార్ కొనాలి. ఎయిర్‌పోర్టు మెట్రోకి ఈ రెండూ పనిచేయవు, దానికి విడిగా టికెట్ ఉంది. ఊరి బయట ఒక రోజు కావాలంటే ప్లాసా ఎస్పాన్యా స్టేషన్ నుంచి ఆర్5 రైల్లో వెళ్లి, అక్కడి నుంచి పళ్ల చక్రాల రైల్లోనో, కేబుల్ కారులోనో మోన్‌సెర్రాత్ కొండ మీది మఠానికి చేరవచ్చు. అయినా మీ ఇంటిల్లిపాదికీ కలిపి చూస్తే నేను మాడ్రిడ్ వైపే మొగ్గుతాను. చూడాల్సినవి చాలావరకు ఒకే వరుసలో ఉంటాయి, పక్క ఊరు అరగంట దూరంలో ఉంటుంది.

ప్రజా రవాణాతో తిరగాలనుకున్నప్పుడు అసలు నిర్ణయం హోటల్ ఎక్కడన్నదే. చాలామంది ప్వెర్తా దెల్ సోల్ దగ్గర తీసుకుంటారు. ఊరికి నడిబొడ్డు, నిజమే. అర్ధరాత్రి దాటినా సందడి ఆగదు, అదీ నిజమే. మీకు అతోచా స్టేషన్ చుట్టుపక్కల తీసుకోమంటాను. టొలేడో రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది. ఎయిర్‌పోర్టు బస్సు అక్కడే ఆగుతుంది. ప్రాడో మ్యూజియం, రెయినా సోఫియా మ్యూజియం, రెటీరో పార్కు, మూడూ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. అక్కడి నుంచే 001 నంబరు బస్సు బయల్దేరుతుంది. అది కరెంటు బస్సు, టికెట్ లేదు, ఎవరికైనా ఉచితం. అతోచా నుంచి సిబేలెస్ కూడలి, గ్రాన్ వియా, ప్లాసా దె ఎస్పాన్యా మీదుగా మాంక్లోవా దాకా పోతుంది. ఊరి ముఖ్యమైన వీధుల్లో సగం కిటికీ పక్కన కూర్చునే చూసేయొచ్చు. డబ్బు పెట్టి ఎక్కే డబుల్ డెక్కర్ టూరిస్టు బస్సు కంటే అమ్మగారికి ఇదే హాయి. వంట గది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ దొరికితే ఇంకా మంచిది. ఎందుకో తర్వాత చెప్తాను.

అతోచా పేరుతో ఒక తికమక ఉంది. మెట్రోలో పక్కపక్కన రెండు స్టేషన్లు ఉన్నాయి. రైళ్లకు వెళ్లాలంటే దిగాల్సింది అతోచా. దాని ముందుది ఎస్తాసియోన్ దెల్ ఆర్తె. ఇదివరకు దాన్నే అతోచా అనేవారు, 2018లో పేరు మార్చారు. పాత బ్లాగులు, పాత మ్యాపులు చూసి బయల్దేరితే తప్పు స్టేషన్లో దిగుతారు. దూరం ఎక్కువేం కాదు గానీ, రైలు టైమవుతుంటే పిల్లాడితో, సామానుతో ఆ కాస్త దూరమే టెన్షన్ పెడుతుంది.

శుక్రవారం విమానం దిగాక ఊళ్లోకి ఎలా? మామూలు టాక్సీలో నలుగురినే ఎక్కించుకుంటారు, మీరు ఐదుగురు. ఎయిర్‌పోర్టు నుంచి నగరం మధ్యకు టాక్సీకి నిర్ణీత రేటు ఉంది, సుమారు 33 యూరోలు. రెండు టాక్సీలంటే 66. పెద్ద టాక్సీ ముందుగా అడిగి పెట్టుకోవచ్చు, అదొక దారి. పసుపు రంగు ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ బస్సులో మనిషికి 5 యూరోలు, అంటే అందరికీ కలిపి 25. సూట్‌కేసులు పెట్టుకోవడానికి లోపల స్టాండ్లు ఉంటాయి, డ్రైవర్ దగ్గరే బ్యాంకు కార్డుతో కట్టేయొచ్చు, సుమారు 40 నిమిషాల్లో అతోచాలో దింపుతుంది. రాత్రి పొద్దుపోయాక మాత్రం ఇది సిబేలెస్ దగ్గరే ఆగిపోతుంది, అతోచా దాకా రాదు. కాబట్టి పగలు దిగే విమానమే చూసుకోండి. మెట్రో కూడా ఉంది గానీ ఎయిర్‌పోర్టు స్టేషన్‌కి మామూలు టికెట్ పైన 3 యూరోలు అదనం, పైగా నువెవోస్ మినిస్తేరియోస్‌లో లైను మారాలి. సామానుతో ఆ మార్పిడి అమ్మగారికి వద్దు.

ఊళ్లో తిరగడానికి ఎర్ర రంగు మల్టీ కార్డు ఒకటి కొనండి. ఏ మెట్రో స్టేషన్ మెషీన్‌లోనైనా రెండున్నర యూరోలకు దొరుకుతుంది, మెషీన్‌లో ఇంగ్లీషు ఉంటుంది. దాంట్లో పది ట్రిప్పుల టికెట్ వేయించుకుంటే మెట్రోకీ సిటీ బస్సులకీ రెండింటికీ పనికొస్తుంది. ఈ కార్డు మీద పేరుండదు. ఒక్క కార్డునే గేటు దగ్గర ఐదుసార్లు తాకించి ఐదుగురూ లోపలికి వెళ్లిపోవచ్చు. ఒకరు దాటాక కార్డు వెనక్కి అందించడం బాబుకి అప్పగించండి, వాడికో ఉద్యోగం దొరికినట్టుంటుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు టికెట్ ఉంటుంది కాబట్టి వాడిదీ లెక్కలో వేసుకోండి. రోజువారీ టూరిస్టు పాస్ అని ఒకటి అమ్ముతారు, మీకు వద్దు. అతోచా దగ్గర ఉండి, సగం నడిచి, సగం ఉచిత బస్సులో తిరిగేవాళ్లకు దాని డబ్బులు గిట్టవు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాడ్రిడ్‌లో మెట్రో కంటే బస్సే నయం. సిటీ బస్సుల్లో ఎక్కే చోట మెట్లుండవు, నేల కిందికే ఉంటుంది, ముందు వైపు పెద్దవాళ్లకు సీట్లుంటాయి. మెట్రో బాగుంటుంది, వేగం, శుభ్రం, కానీ పాత స్టేషన్లు కొన్నిటిలో లిఫ్టు ఉండదు. మెట్రో మ్యాపులో లిఫ్టు ఉన్న స్టేషన్లకు గుర్తు వేసి ఉంటుంది, అది చూసుకుని దిగండి. 27 నంబరు బస్సు గుర్తుపెట్టుకోండి: అతోచా నుంచి ప్రాడో, సిబేలెస్ మీదుగా కాస్తెయానా రోడ్డు పొడుగునా ప్లాసా దె కాస్తియా దాకా వెళ్తుంది. దారిలో బెర్నబేవు ఫుట్‌బాల్ స్టేడియం కనిపిస్తుంది, మీవారికి కారు పోయిన బాధ కొంత తీరొచ్చు. నాన్నగారికి చెప్పడానికి ఒక ముచ్చట: మాడ్రిడ్ మెట్రో రైళ్లు మన దేశంలో లాగా ఎడమ పక్కన నడుస్తాయి. 1919లో మెట్రో మొదలైనప్పుడు ఆ ఊరి రోడ్ల మీద బళ్లు కూడా ఎడమ పక్కనే పోయేవి. 1924లో రోడ్ల మీద బళ్లను కుడికి మార్చారు, మెట్రోని అలాగే వదిలేశారు. ప్లాట్‌ఫాం మీద రైలు ఎటు నుంచి వస్తుందా అని జర్మనీ అలవాటుతో మీరు ఒకవైపు చూస్తుంటే రెండోవైపు నుంచి వచ్చేస్తుంది.

మొదటి సాయంత్రం పెద్ద పనులేం పెట్టుకోకండి. గదిలో కాసేపు నడుం వాల్చి, 001 బస్సెక్కి ప్లాసా దె ఎస్పాన్యాలో దిగండి. అక్కడికి కొద్ది దూరంలో దెబోద్ గుడి ఉంది. ఇది అసలు సిసలు ఈజిప్టు గుడి. ఆస్వాన్ ఆనకట్ట కింద మునిగిపోయే కట్టడాలను కాపాడటంలో సాయం చేసినందుకు 1968లో ఈజిప్టు దీన్ని స్పెయిన్‌కి బహుమతిగా ఇచ్చింది. రాళ్లను విడదీసి తెచ్చి మళ్లీ పేర్చి 1972లో జనానికి తెరిచారు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ కట్టడాలను పైకి తరలించిన సంగతి గుంటూరు మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు కదా, నాన్నగారు అక్కడ గంట సేపు నిలబడినా ఆశ్చర్యం లేదు. అక్టోబరులో అక్కడ ఏడున్నర ప్రాంతంలో పొద్దుగుంకుతుంది, చాలామంది దానికోసమే వస్తారు. అదే లెక్కన పొద్దున ఎనిమిది దాటితే గాని తెల్లవారదు. అమ్మానాన్న ఐదింటికే లేచి కూర్చుంటే బయటంతా చీకటే ఉంటుంది, ముందే చెప్పి ఉంచండి.

టొలేడో శనివారమే వెళ్లండి, ఆదివారానికి వాయిదా వేయొద్దు. అక్కడి కథీడ్రల్‌లోకి ఆదివారం పొద్దున సందర్శకులను రానివ్వరు, మధ్యాహ్నం నుంచే. సోమవారం మాడ్రిడ్ చుట్టుపక్కల చాలా మ్యూజియాలకు సెలవు. టికెట్ల విషయంలో జర్మనీ అలవాటు మరచిపోవాలి. డాయిచ్‌లాండ్ టికెట్ జేబులో ఉంటే ఏ రీజినల్ రైలైనా ఎక్కేస్తారు కదా, ఇక్కడ అలా కాదు. టొలేడో వెళ్లే అవాంట్ రైలుకి ఫలానా రైలు, ఫలానా సీటు అని టికెట్ ఉండాలి. ప్రయాణం 33 నిమిషాలే, ఒకవైపుకి సుమారు 14 యూరోలు, పిల్లలకు తగ్గింపు ఉంది. కానీ మీరు వెళ్లేది అక్టోబరు 12 కలిసొచ్చిన వారాంతం. ఆ రోజు స్పెయిన్ జాతీయ దినం, ఈసారి సోమవారం పడటంతో ఊరంతా మూడు రోజుల సెలవు మీద ఉంటుంది. స్టేషన్‌కి వెళ్లి అప్పటికప్పుడు కొందాం అంటే పొద్దుటి రైళ్లలో ఐదు సీట్లు దొరకవు. స్పెయిన్ రైల్వే సంస్థ రెన్‌ఫే సైటులో అమ్మకం మొదలవగానే రానూపోనూ రెండూ తీసుకోండి. 60 దాటినవాళ్లకు తర్హేతా దొరాదా అనే రాయితీ కార్డు ఏడాదికి 6 యూరోలకు ఇస్తారు గానీ, ఒక్క టొలేడో ప్రయాణానికి లెక్కేస్తే కార్డు ఖర్చుకీ తగ్గింపుకీ సరిపోతుంది, వదిలేయండి.

అతోచాకి అరగంట ముందే చేరండి. సామాను స్కానర్‌లోంచి పోవాలి, చిన్న హ్యాండ్‌బ్యాగ్ అయినా సరే. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందు గాని వేయరు. అది పడేదాకా అందరూ మెడలెత్తి బోర్డునే చూస్తుంటారు, కంగారు పడకండి. గేటు కూడా రైలు కదలడానికి కాస్త ముందే మూసేస్తారు, పరిగెత్తుకొచ్చి ఎక్కడం కుదరదు. కాస్త టైముంటే పాత స్టేషన్ భవనం లోపలికి వెళ్లండి. 1892 నాటి ఇనుప పందిరి కింద ఇప్పుడు పెద్ద ఉష్ణమండల తోట ఉంది, తాటి జాతి చెట్లు కప్పు దాకా పెరిగి ఉంటాయి. అక్కడి కొలనులో తాబేళ్లుంటాయని ఎవరైనా చెప్తే బాబుకి ఆశ పెట్టకండి, 2018లో వాటిని వేరే చోటికి తరలించారు.

టొలేడో కొండ మీది ఊరు, మూడు వైపులా తాహో నది చుట్టి ఉంటుంది. స్టేషన్ కింద ఉంటుంది, ఊరు పైన. నడిచి ఎక్కడం మీకూ మీవారికీ సరదా అనిపించవచ్చు గానీ అమ్మగారికి వద్దే వద్దు. స్టేషన్ ముందు నుంచి సిటీ బస్సు పైనున్న సొకొదొబేర్ కూడలికి తీసుకెళ్తుంది. ఊళ్లోకి ఎక్కడానికి కొండ పక్కన ఎస్కలేటర్లు కూడా కట్టారు, సాఫోంత్ వైపు ఒకటి, రెకరేదో వైపు ఒకటి. కానీ పైకి చేరాక వీధులన్నీ రాళ్లు పరిచినవే, ఎగుడుదిగుడు. మడమ ఎత్తు చెప్పులు కాదు, బూట్లే వేసుకోమనండి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం కాబట్టి తిరుగు ప్రయాణంలో కూడా సొకొదొబేర్ నుంచి బస్సే ఎక్కండి, కిందికే కదా నడిచేద్దాం అనుకోవద్దు.

ఊళ్లో అన్నీ చూడాలని పెట్టుకోకండి. కథీడ్రల్ ఒకటి, సాంతో తొమే చర్చిలో ఎల్ గ్రెకో వేసిన ‘కౌంట్ ఓర్గాస్ అంత్యక్రియలు’ ఒకటి, సాంతా మరియా లా బ్లాంకా ఒకటి. ఈ మూడోది యూదుల ప్రార్థనా మందిరంగా కట్టినది, గుర్రపు నాడా ఆకారపు తెల్లటి కమానులు ముస్లింల పనితనం, తర్వాత చర్చిగా మారింది. ముగ్గురి చరిత్రా ఒక్క గదిలో కనిపిస్తుంది. 1561లో రెండో ఫిలిప్ రాజు దర్బారును మాడ్రిడ్‌కి మార్చేదాకా ఈ ఊరి దర్జాయే వేరు. మధ్యలో మిఠాయి దుకాణాల ముందు ఆగక తప్పదు. టొలేడో మాసపాన్ అంటే బాదంపప్పు, పంచదారతో చేసేది, మన బాదం బర్ఫీకి దగ్గర చుట్టం. కొన్నిటికి పైన గుడ్డు సొన పూసి కాలుస్తారు కాబట్టి అమ్మానాన్నల కోసం అడిగి కొనండి.

రైలు టికెట్లు దొరక్కపోతే దిగులు అక్కర్లేదు. మెట్రో 6, 11 లైన్లు కలిసే ప్లాసా ఎలిప్టికా స్టేషన్ నుంచి టొలేడోకి వరసగా బస్సులుంటాయి. ‘దిరెక్తో’ అని రాసి ఉన్నదే ఎక్కండి, గంటలో చేరుస్తుంది. రెండోది పల్లె పల్లెకీ ఆగుతూ పోతుంది. ఛార్జీ రైలులో సగం కంటే తక్కువే. రోమన్ల కాలువ వంతెన ఉన్న సెగోవియా గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. వెళ్లాలనిపిస్తే ఒక్క మాట: హైస్పీడ్ రైలు అరగంటలో తీసుకెళ్తుంది గానీ దింపేది ఊరికి ఐదారు కిలోమీటర్ల అవతల, మళ్లీ అక్కడి నుంచి సిటీ బస్సు. పైగా ఆ రైలు అతోచా నుంచి కాదు, చమర్తీన్ నుంచి బయల్దేరుతుంది. మాంక్లోవా నుంచి వెళ్లే మామూలు బస్సుకి గంటా పావు పట్టినా వంతెన దగ్గర్లోనే దింపుతుంది. మీలాంటివాళ్లకు అదే సుఖం. అయితే టొలేడో, సెగోవియా రెండూ ఒకే ప్రయాణంలో వద్దు.

ఇక తిండి. మీ ఉత్తరం చదివాక నాకు రైళ్ల కంటే దీని గురించే బెంగ. స్పెయిన్‌లో మాంసం లేకుండా అని చెప్తే హామ్ (పంది మాంసం) ముక్కలు వేసి తెస్తారు, వాళ్ల లెక్కలో అది వేరే. కూరగాయల సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప ఉంటుంది. పప్పు కూర అనుకున్న దాంట్లో చోరిసో అనే పంది మాంసం సాసేజ్ ఉడికి ఉంటుంది. సాల్మొరేహో అనే టమాటా సూప్ మీద ఉడికిన గుడ్డు తురిమి పోస్తారు. అందుకని ఫోన్లో ఈ నాలుగు మాటలు రాసి పెట్టుకోండి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ వెవో. మాంసం, హామ్, ట్యూనా, గుడ్డు, ఏదీ వద్దని. ధైర్యంగా అడగగలిగినవి కొన్ని ఉన్నాయి: టమాటా రుద్దిన రొట్టె, ఉప్పు చల్లి వేయించిన పాద్రోన్ పచ్చిమిరపకాయలు, పిస్తో అనే కూరగాయలు-టమాటా కూర (పైన గుడ్డు వద్దని చెప్పాలి), బ్రావాస్ బంగాళాదుంపలు (ఆలియోలి సాసులో గుడ్డు ఉంటుంది, అది తీసేయమనాలి). చుర్రోస్ మాత్రం నిశ్చింతగా తినొచ్చు. పిండి, నీళ్లు, ఉప్పు కలిపి నూనెలో వేయించి చిక్కటి చాక్లెట్‌తో ఇస్తారు.

రాత్రి భోజనం దగ్గర ఇంకో చిక్కుంది. వంటశాలలు ఎనిమిదిన్నర, తొమ్మిదికి గాని మొదలవవు. ఏడింటికి ఆకలేసే పెద్దవాళ్లకు అది దాదాపు నిద్ర వేళ. వంట గది ఉన్న చోటు తీసుకోమన్నది ఇందుకే. మధ్యాహ్నం రెండింటికి బయట తిని, రాత్రికి గదిలో అన్నం వండుకుని, సూపర్ మార్కెట్ పెరుగు వేసుకుంటే అందరికీ హాయి. ఆవకాయ సీసా చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. పచ్చడి కూడా ద్రవాల లెక్కలోకే వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో పడొచ్చు, అది అమ్మగారి కళ్ల ముందు జరగకూడదు. అతోచాకి దగ్గర్లో లావాపియెస్ అనే పేటలో ఇండియన్ రెస్టారెంట్లు వరసగా ఉన్నాయి, చాలావరకు బంగ్లాదేశీయులు నడిపేవి. ఒక పూటకు అక్కడికి వెళ్లొచ్చు, కాస్త ఎగుడు దారి.

ఆదివారం పొద్దున ప్రాడోకి పదింటికల్లా వెళ్లిపోండి. 65 దాటినవాళ్లకు సగం ధర, 18 లోపు పిల్లలకు ఉచితం. చివరి రెండు గంటలూ అందరికీ ఉచితమే గానీ ఆ లైనులో నిలబడటం మోకాళ్లకు శిక్ష, డబ్బు కట్టి వెళ్లండి. వెలాస్కెస్ గీసిన ‘లాస్ మెనీనాస్’, గోయా బొమ్మలు చూసి గంటన్నరలో బయటపడండి. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఆ తర్వాత రెటీరో పార్కులో బాబు, మీవారు తెడ్ల పడవలో తిరుగుతుంటే మీరు నీడలో కూర్చోవచ్చు. పికాసో గీసిన ‘గెర్నికా’ చూడాలంటే రెయినా సోఫియాకి ఆదివారం సాయంత్రం కాకుండా శుక్రవారమో, సోమవారమో వెళ్లండి, ఆదివారం అది మధ్యాహ్నానికే మూసేస్తారు. మీవారికి ఎల్ రాస్త్రో సంత చూడాలని ఉంటే పొద్దున ఒక్కరే వెళ్లి రమ్మనండి. ఏటవాలు వీధి, విపరీతమైన జనం, జేబు దొంగల అడ్డా. మెట్రోలోనూ, సోల్ దగ్గరా కూడా నాన్నగారి పర్సు వెనక జేబులో ఉండకూడదు.

కాగితాల విషయానికొస్తే, అమ్మానాన్నల షెంగెన్ వీసా గడువు ఉన్నంతకాలం స్పెయిన్‌కి వేరే వీసా అక్కర్లేదు. అందరి ఒరిజినల్ పాస్‌పోర్టులూ, మీ రెసిడెన్స్ పర్మిట్లూ వెంట ఉండాలి. హోటల్లో దిగిన ప్రతి ఒక్కరి వివరాలూ రాసుకోవడం అక్కడ చట్టం, ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు.

చివరిగా సోమవారం. 12న పొద్దున రాజుగారి సమక్షంలో సైనిక కవాతు జరుగుతుంది. నగరం మధ్యలోని పెద్ద రోడ్లు మూసేస్తారు, బస్సులు దారి మళ్లుతాయి. మీరు వచ్చిన ఎయిర్‌పోర్టు బస్సు తిరిగేది ఆ రోడ్ల మీదే. కాబట్టి పోయేటప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. అతోచా నుంచి సీ-1 గానీ సీ-10 గానీ లోకల్ రైలు ఎక్కితే రోడ్లతో పని లేకుండా అరగంటలో టీ4 టెర్మినల్‌కి చేరుస్తుంది. వీటికి సీట్ల రిజర్వేషన్ ఉండదు, టికెట్ మెషీన్‌లో అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు. మీ విమానం వేరే టెర్మినల్ నుంచైతే టీ4 దగ్గర ఉచిత షటిల్ బస్సు ఎక్కాలి, దానికో ఇరవై నిమిషాలు అదనంగా వేసుకోండి. సెలవు రోజు రైళ్ల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. విమానం టికెట్లు ఇంకా తీసుకోకపోతే సాయంత్రం ఐదు తర్వాతది చూడండి, కవాతు మధ్యాహ్నానికి అయిపోతుంది, తర్వాత స్టేషన్‌కి తీరిగ్గా బయల్దేరవచ్చు.